లెఫ్టినెంటు ఖాళీ చేసిన ఇల్లు

అద్దె ఇంటి కోసం జనం పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. కానీ అందులో ఉంటున్న సైనికాధికారికి ప్రమోషన్ ఇప్పించి, ఆ వంకన బదిలీ చేయించి, ఇల్లు ఖాళీ చేయిద్దామని పైరవీ చేసినవాళ్ల గురించి ఎక్కడైనా విన్నారా? 1920ల చివర్లో ఫ్రాన్స్‌లో ఇద్దరు అమెరికన్ ఆడవాళ్లు ఆ పనే చేశారు. ఒకరు రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్. రెండోవారు ఆమె జీవిత సహచరి ఆలిస్ టోక్లస్.

పారిస్‌లో వాళ్లిద్దరి పేరు తెలియని చిత్రకారుడు లేడు. గెర్ట్రూడ్ 1903 నుంచీ అక్కడే ఉంది. పికాసో, మతీస్ ఇంకా ఊరూపేరూ లేనివాళ్లుగా ఉన్న రోజుల్లోనే వాళ్ల బొమ్మలు కొని గోడలు నింపింది. ఆలిస్ 1907లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చింది, ఇక అక్కడే స్థిరపడిపోయింది. 1924 వేసవిలో ఇద్దరూ కారులో పికాసోను చూడ్డానికి మధ్యధరా తీరానికి బయల్దేరారు. దారిలో లియాన్‌కు తూర్పున, ఆల్ప్స్ పర్వతాలకు ఇవతల, బ్యూజె అనే కొండప్రాంతంలో బెలే అన్న చిన్న పట్నంలో మజిలీ చేశారు. హోటల్ బాగుంది, గాలి బాగుంది. అక్కడ పికాసో ఎదురుచూస్తున్నాడు, ఇక్కడ వీళ్లు రేపు బయల్దేరతాం, ఎల్లుండి బయల్దేరతాం అనుకుంటూ ఆగిపోయారు. ఆ తర్వాత ఏటా వేసవికి బెలేనే.

ఆ పట్నానికి తిండి విషయంలో పెద్ద పేరే ఉంది. తిండి గురించి తత్త్వశాస్త్రం రాసిన బ్రియా-సవరాన్ 1755లో పుట్టింది అక్కడే. యుద్ధానికి పోయిన కుర్రకారు ‘దారితప్పిన తరం’ అనే మాట గెర్ట్రూడ్ నోట పుట్టిందని సాహిత్య చరిత్రలు చెబుతాయి. అది తనది కాదు, బెలే హోటల్ యజమాని అన్నదని ఆమే రాసుకుంది. హెమింగ్వే మాత్రం ఒక గరాజ్ యజమాని పేరు చెప్పాడు. ఏది నిజమైతేనేం, ఖ్యాతి మాత్రం హోటలాయనకూ దక్కలేదు, గరాజాయనకూ దక్కలేదు.

ఏళ్లపాటు హోటల్ గదుల్లో ఉన్నాక సొంతంగా ఒక వంటిల్లు ఉంటే బాగుండునని ఆలిస్‌కు అనిపించింది. ఒకరోజు లోయకు ఇవతలి గట్టునుంచి చూస్తే అవతల బిలిన్యా అనే పల్లెలో ఒక పాత బంగళా కనిపించింది. పదిహేడో శతాబ్దం నాటిది. ముందు మెట్లుమెట్లుగా తోట. మా ఇల్లు ఇదే అనుకున్నారు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, బెలే దండులోని ఒక లెఫ్టినెంటు అందులో అద్దెకుంటున్నాడు. అతను కెప్టెన్ అయితే బదిలీ ఖాయం. పారిస్‌లో పలుకుబడి ఉన్న మిత్రులకు కబురు వెళ్లింది. ప్రమోషన్ రాలేదు. చివరికి ఆయన్ని మొరాకో పంపారు. ఇల్లు చేతికొచ్చింది. అది 1929. లోపల ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడకుండా, రెండు మైళ్ల దూరంనుంచి చూసిన ఇంటికి లీజు రాసుకున్నారు.

విదేశీయులు పల్లెల్లో కాపురం పెట్టిన కథలు మామూలుగా ఇక్కడే ఆగుతాయి: పాత ఇల్లు, ద్రాక్షతోటలు, సాయంత్రపు ఎండ. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. బిలిన్యాలో ఆ కథ నడిపింది ఆలిస్. రెండు కూరగాయల తోటలు, ఏళ్లుగా ఎవరూ చేయిపెట్టని నేల. కలుపు తీసి తీసి నడుం పడిపోయేది. ఉన్నన్ని వేసవులూ ఆ కలుపుతో పోరు తప్పలేదని ఆమే రాసింది. ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు నాటాలో చుట్టుపక్కల రైతులే చెప్పేవారు. మన రైతుకు రోహిణి, మృగశిర కార్తెలెలాగో ఫ్రెంచి పల్లెరైతుకు పునీతుల రోజులు అలాగ. మే 11, 12, 13 తేదీల్లో వచ్చే ముగ్గురు ‘మంచు పునీతుల’ పండుగలు దాటితేగానీ లేత నారు బయట పెట్టరాదని ఇప్పటికీ అక్కడ లెక్క. నగరంలో పెరిగిన ఆలిస్ ఈ లెక్కలన్నీ ఒంటబట్టించుకుంది. గెర్ట్రూడ్ పొద్దున తినడానికి చిన్న అడవి స్ట్రాబెరీలు ఒక బుట్టెడు ఏరేసరికి గంట పట్టేది. కుర్ర అతిథులు వచ్చి మాకూ కావాలంటే, ఏరుకుని తినండని చెప్పేది. శరదృతువులో పారిస్‌కు తిరిగి వెళ్లేటప్పుడు బుట్టలకొద్దీ కూరగాయలు వాళ్లవెంట వెళ్లేవి.

మరి గెర్ట్రూడ్? రాసుకునేది. అదీ రోజుకు కాసేపే. ఆమె రాసేటప్పుడు ఎదురుగా ఒక ఆవు ఉండాలట. ఆవు సరైన చోట నిలబడకపోతే ఆలిస్ కర్రపుచ్చుకుని అటూ ఇటూ తోలేదట. ఈ కథలో ఎంత పాలు నిజమో గానీ, ఆ ఇంట్లో పని ఎవరి చేతిమీద నడిచిందో మాత్రం బాగా చెబుతుంది. 1932 శరత్తులో ఆరు వారాల్లో ఆలిస్ ‘ఆత్మకథ’ను గెర్ట్రూడే రాసిపెట్టింది కూడా ఈ ఇంట్లోనే. 1933లో పుస్తకం వచ్చింది, జీవితంలో మొదటిసారి రాతమీద డబ్బు కళ్లజూసింది. ఎనిమిది సిలిండర్ల కొత్త ఫోర్డ్ కారు కొంది. బాస్కెట్ అనే తెల్ల పూడిల్ కుక్కకు గుర్రప్పందేల వాళ్ల దర్జీచేత ఖరీదైన కోటు కుట్టించింది. ఆ కోటు తొడుక్కుని పల్లెలో తిరిగే కుక్కను చూసి చుట్టుపక్కల రైతులు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు.

పనివాళ్ల గొడవలు ఎప్పుడూ ఉండేవి. పారిస్‌నుంచి వచ్చినవాళ్లకు పల్లె గిట్టదు, పల్లెవాళ్లకు ఈ ఇద్దరమ్మల వరస అంతుబట్టదు. కొంతకాలం ఇండోచైనానుంచి వచ్చిన వంటవాళ్లు ఉన్నారు. వాళ్లూ సముద్రాలు దాటి వచ్చినవాళ్లే. అమెరికా రచయిత్రుల కాపురం పుస్తకాలకెక్కింది, వాళ్ల కాపురం ఎవరికీ పట్టలేదు. చాలా కాలానికి, 2003లో, మోనిక్ ట్రువాంగ్ ‘ది బుక్ ఆఫ్ సాల్ట్’ నవలలో అలాంటి ఒక వంటవాడికి గొంతు ఇచ్చింది.

1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చినప్పుడు ఇద్దరూ బిలిన్యాలోనే ఉన్నారు. అనుమతి పత్రం సంపాదించి హడావుడిగా పారిస్ వెళ్లారు, చలిబట్టలూ బొమ్మలూ తెచ్చుకుందామని. బాంబుల అదురుకు చిత్రాలు పడిపోకుండా గోడలనుంచి దించి నేలమీద పరుద్దామనుకుంటే, గోడలమీద ఉన్నంత చోటు నేలమీద లేదు! చివరికి రెండే తెచ్చారు: పికాసో వేసిన గెర్ట్రూడ్ చిత్రం, సెజాన్ వేసిన తన భార్య చిత్రం. పాస్‌పోర్టులకోసం వెతికితే కుక్కగారి వంశావళి పత్రం దొరికింది. అదీ మంచిదే అయింది. మేలుజాతి కుక్కలకు రేషన్ ఇచ్చిన రోజుల్లో ఆ కాగితమే పనికొచ్చింది.

1940లో ఫ్రాన్స్ ఓడిపోయింది. అమెరికా దౌత్యాధికారులు వెళ్లిపొమ్మన్నారు. ఇద్దరూ యూదులు, వయసు అరవై దాటినవాళ్లు. వెళ్లలేదు. తెలిసినవాళ్ల మధ్య ఉండటమే మేలని పొరుగువాళ్లు నచ్చజెప్పారట.

తోట ఇప్పుడు కాలక్షేపం కాదు, కడుపు నింపే పని. మాంసం, వెన్న, గుడ్లు, పంచదార అన్నీ కార్డుల మీదే, అవీ అరకొర. గెర్ట్రూడ్ కాళ్లకు పని పడింది. కారుకు పెట్రోలు లేదు, మైళ్లకొద్దీ నడిచేది. దారిలో కనబడ్డ ప్రతివాళ్లతో ముచ్చట పెట్టేది. ఒకరోజు ఒక గుడ్డు, ఇంకోరోజు కాస్త తెల్లపిండి, మరోరోజు వెన్నముద్ద సంచిలో పడేవి. ఇన్నేళ్లుగా ఊరి కబుర్లు విన్న ఓపికకు ఇప్పుడు వడ్డీ వచ్చింది. చేతిలో డబ్బు అడుగంటితే సెజాన్ చిత్రం అమ్మేశారు. ఆ బొమ్మ ఏమైందని ఎవరో అడిగితే, మనం తింటున్నది అదేనని జవాబు వచ్చిందట. ఆ బొమ్మ ఆ తర్వాత స్విట్జర్లండ్‌లో బ్యూర్ల అనే ఆయుధ వ్యాపారి సేకరణలోకి చేరింది. ఇక బట్టల బీరువాలో ఒక సీసా ఉండేది. అందులో పాకం పట్టిన నారింజ, చెర్రీ, అనాస ముక్కలూ ఎండుద్రాక్షా. ఆలిస్ దాన్ని అప్పుడప్పుడూ తీసి చూసుకునేదిగానీ ముట్టుకునేది కాదు. విముక్తి వచ్చిన రోజు కేకు కోసం అది.

1943 ఫిబ్రవరిలో యజమాని తన ఇల్లు తనకు కావాలన్నాడు. పదమూడేళ్లు పెంచిన తోట వదిలేసి కొన్ని మైళ్ల దూరంలోని రైల్వే జంక్షన్ ఊరు క్యులోకు మారారు. సరిగ్గా అప్పుడే, వెంటనే స్విట్జర్లండ్ పారిపొండి, లేదంటే క్యాంపుకు తీసుకుపోతారని, జర్మన్లకు లొంగి నడిచిన విషీ ఫ్రెంచి ప్రభుత్వంలోని ఒకాయన లాయరు ద్వారా హెచ్చరిక పంపాడు. అప్పుడూ కదల్లేదు. కొత్త ఇంట్లో ఒకసారి జర్మన్ సైనికులు, ఒకసారి ఇటాలియన్లు మకాం పెట్టారు. ఇంట్లోవాళ్లెవరో వాళ్లకు తెలియనే తెలియదు. గెర్ట్రూడ్ యుద్ధం గురించి రాస్తూనే ఉంది. ఆమె రాత ఎంత గజిబిజి అంటే జర్మన్లకు చిక్కినా చదవలేరని, టైపు చేయడం మాత్రం యుద్ధమయ్యేదాకా ఆపింది ఆలిస్.

ఊరి మేయరు జర్మన్లకు ఇవ్వాల్సిన పేర్ల జాబితాలోంచి ఈ ఇద్దరి పేర్లూ తప్పించాడు. ఫ్రాన్స్‌లో ఎంత చిన్న పల్లెకైనా ఒక మేయరు, ఒక మేయరు కచేరీ ఉంటాయి. జననం, మరణం, పెళ్లి, ఇల్లు, ఏ కాగితమైనా అక్కడే. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలోనూ మేయరు ఉండేవాడు. క్యులో మేయరు చేసిన పని కాగితం మీద రాసిందేం కాదు, రాయకుండా ఊరుకున్నది. వేలమంది ఉన్న ఊళ్లో ఒక్కరు నోరు జారినా చాలు. ఎవరూ జారలేదు.

ఇంత చెప్పి ఇంకో సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. గెర్ట్రూడ్‌కు విషీలో అండ ఉంది. పాత మిత్రుడు బెర్నార్ ఫాయి అప్పట్లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి అధిపతి. యుద్ధానంతరం శత్రువుతో చేతులు కలిపిన నేరానికి శిక్ష పడ్డవాడు. గెర్ట్రూడ్ స్వయంగా విషీ అధినేత మార్షల్ పెతాన్ ఉపన్యాసాలను ఇంగ్లిషులోకి అనువదించడం మొదలుపెట్టింది. అవి అచ్చుకాలేదు, కానీ రాతప్రతులు ఉన్నాయి. ప్రాణభయంతో చేసిందా, నమ్మి చేసిందా అని ఈనాటికీ వాదులాట. నాకైతే కొంత నమ్మకమూ ఉందనే అనిపిస్తుంది. ఆమెకు పెతాన్ మొదటి ప్రపంచ యుద్ధ వీరుడు.

ఊరి మంచితనమే కాపాడిందని చప్పట్లు కొట్టబోయేవాళ్లు ఇజియు దాకా వెళ్లి రావాలి. అదీ బెలే దగ్గరి పల్లే, అదే కొండప్రాంతం. 1943లో సబీన్ జ్లాటిన్ దంపతులు అక్కడ ఒక ఇంట్లో యూదుల పిల్లలకు ఆశ్రయం ఇచ్చారు. బెలే సబ్-ప్రీఫెక్టు వాళ్లకు ఆ చోటు చూపించి సాయపడ్డాడు. 1944 ఏప్రిల్ 6 పొద్దున లియాన్ గెస్టపో ట్రక్కుల్లో వచ్చింది. దాని అధిపతి క్లాస్ బార్బీ ఆజ్ఞ. 44 మంది పిల్లల్నీ ఏడుగురు పెద్దల్నీ పట్టుకుపోయారు. ఆ పిల్లల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. 1987లో లియాన్‌లో జరిగిన బార్బీ విచారణలో ఈ కేసే కీలకమైంది. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం. అదే కొండల్లో అదే వసంతంలో ఇద్దరు పేరున్న వృద్ధురాళ్లు కూరగాయలు వండుకుంటూ బతికి బయటపడ్డారు. అదృష్టం, పేరు, పలుకుబడి, పొరుగు, ఎవరి వాటా ఎంతో తేల్చడం కుదరని పని.

వేసవి ముగిసేసరికి అమెరికన్ సేనలు వచ్చాయి. రేడియో విలేకరి ఎరిక్ సెవరీడ్ వెతుక్కుంటూ వచ్చి గెర్ట్రూడ్‌ను పట్టుకున్నాడు. బీరువాలోని సీసా మూత తీశారు. కేకు ఆ సేనలను నడిపించిన జనరల్ ప్యాచ్ కోసం తయారైంది. డిసెంబరులో పారిస్ తిరిగివెళ్లారు. గెర్ట్రూడ్ 1946 జూలై 27న పోయింది. ఆలిస్ ఇంకా ఇరవై ఏళ్లు బతికింది. ఆమె 1954లో అచ్చువేసిన వంటల పుస్తకంలో బిలిన్యా తోటలకు ఒక అధ్యాయం, యుద్ధకాలపు తిండికి ఒక అధ్యాయం ఉన్నాయి. వంటలు చేయనివాళ్లు కూడా చదవాల్సినవి అవి.

ఫ్రెంచి పల్లెల్లో కాపురం పెట్టిన విదేశీయులు వీళ్లిద్దరితో ఆగలేదు. యుద్ధం తర్వాత ఆ పల్లెలు ఖాళీ అయ్యాయి. యువత పట్నాలకు పోయింది, రాతి ఇళ్లు చవకగా దొరికాయి. డోర్డోన్ లోయ బ్రిటిష్‌వాళ్లతో నిండింది. 1989లో బ్రిటిష్ రచయిత పీటర్ మేల్ ప్రొవాన్స్ జీవితంమీద పుస్తకం రాశాక మెనెర్బ్ గ్రామంలోని ఆయన ఇంటిముందు పర్యాటకులు బారులు తీరారు. కొన్నాళ్లకు ఆయనే ఆ ఇల్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. మన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా కూడా ఏళ్లతరబడి వేసవులు గొర్బియో అనే కొండపల్లెలో గడిపాడు.

ఇళ్లు కొన్న బ్రిటిష్‌వాళ్లలో కొందరు ఊరి కౌన్సిలుకు కూడా ఎన్నికయ్యారు. యూరోపియన్ యూనియన్ పౌరులుగా వాళ్లకు ఆ హక్కు ఉండేది. 2020 జనవరి 31న బ్రిటన్ ఆ యూనియన్‌ను వీడింది, బ్రెగ్జిట్ అమల్లోకి వచ్చింది. మార్చిలో మునిసిపల్ ఎన్నికలు వచ్చేసరికి వాళ్లు పోటీ చేయడానికి వీల్లేకుండా పోయింది. బడి బస్సూ, చెత్త బండీ, వీధి దీపాల గురించి ఏళ్లుగా మేయరు కచేరీలో కూర్చుని తగువులాడినవాళ్లు కూడా నివాస పత్రం కోసం దరఖాస్తు నింపాల్సి వచ్చింది.