మంత్రసాని: రాతల్లో కనిపించని మనిషి

మీ నాయనమ్మల తరంలో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వచ్చేది. ఏం తినాలో, ఏది చేయకూడదో, బాలింతకు కాయం ఎన్నాళ్లు పెట్టాలో తల్లి చెప్పేది. పురుడు పోయడం మాత్రం మంత్రసాని పని. చాలా ఊళ్లలో ఆమె మంగలి కులపు స్త్రీ. ధాన్యమో, చీరో ప్రతిఫలంగా ముట్టేది.

ఆమె గురించి మనకు దొరికే రాతలు ఎవరివో గమనించండి. 1885లో స్త్రీల వైద్యం కోసం లేడీ డఫరిన్ నిధి ఏర్పడింది. 1903లో లేడీ కర్జన్ మంత్రసానుల శిక్షణకు విక్టోరియా స్మారక స్కాలర్‌షిప్ నిధిని నెలకొల్పారు. ఆ కాలపు వైద్యుల నివేదికల్లో మంత్రసాని మురికి మనిషి, మూఢురాలు. బాలింత జ్వరం, ధనుర్వాతం నిజంగానే ప్రాణాలు తీశాయి కాబట్టి ఆ విమర్శను కొట్టిపారేయలేం. కానీ అంతగా నిందించినవారే ఆమెకు శిక్షణ ఎందుకు ఇవ్వదలచారు? పురిటి గదిలోకి పిలుపు ఆమెకే వచ్చేది గనుక. వైద్యురాలు చాలా ఊళ్లకు అందనంత దూరం.

తర్వాతి కథ మీకు తెలిసిందే: 1975లో అంగన్‌వాడీ, 2005లో ఆశా కార్యకర్త. గర్భిణికి సలహా చెప్పే మనిషి మళ్లీ ఊరి స్త్రీయే.

మా ఇంట్లో నా జాతకం ఉంది. పుట్టిన ఘడియ, విఘడియ అన్నీ రాశారు. మా అమ్మకు పురుడు పోసిన ఆమె పేరు లేదు; ఇప్పుడు చెప్పగలవారూ లేరు.

ఈ భాగానికి అభ్యాసం: మీ వీధిలో ఒక పెద్దావిడను తొలి కాన్పు గురించి అడగండి. పక్కన ఎవరున్నారో, వారి పేరేమిటో ఆవిడ మాటల్లోనే రాసుకోండి.