సెషను పోయిందని ముందు ఎవరికి తెలుస్తుంది?

అరగంట కూర్చుని ఫారం అంతా నింపి, తీరా బటను నొక్కాక "మీ సెషను ముగిసింది" అని వస్తే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. టైపు చేసినదంతా గోవిందా! ఈ రోగం పుట్టుక కాస్త తమాషాగా ఉంటుంది.

టెల్నెట్ రోజుల్లో ఈ గొడవ తక్కువ. పని చేసుకుంటున్నంతసేపూ కనెక్షను తెరిచే ఉండేది. అది తెగితే మనిషి పోయాడనుకోవచ్చు. హెచ్‌టీటీపీ అలా కాదు, పేజీ అడిగావా, ఇచ్చానా, అంతే సంగతులు. మళ్లీ అడిగింది అదే మనిషో కాదో సర్వరుకి తెలీదు. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లి కుకీని తెచ్చింది ఈ మతిమరుపుకి మందుగానే. ఎంసీఐ కంపెనీ ఆన్‌లైను దుకాణం పెట్టాలనుకుంది, కానీ ఎవరి బుట్టలో ఏముందో తన సర్వర్లలో దాచడం దానికి ఇష్టం లేదు. సరే, ఆ బరువు బ్రౌజరు నెత్తినే పెట్టారు.

తర్వాత వచ్చిన ఏఎస్పీ, సర్వ్‌లెట్లు, పీహెచ్‌పీ దీన్ని తిరగేశాయి. కుకీలో ఒక గుర్తింపు సంఖ్య, సరుకంతా సర్వరు దగ్గర. మరి ఆ సరుకు ఎప్పుడు పారెయ్యాలి? మనిషి వెళ్లిపోయాడని చెప్పేవాళ్లు లేరుగా! అందుకని ఒక లెక్క పెట్టుకున్నారు, ఇంతసేపు ఉలుకూ పలుకూ లేకపోతే పోయినట్టే అని. మనం మార్చకపోతే ఏఎస్‌పీ డాట్ నెట్‌లో అది 20 నిమిషాలు, టామ్‌క్యాట్‌లో 30, పీహెచ్‌పీలో 1440 సెకన్లు. నా దృష్టిలో ఇవన్నీ ఉత్త ఊహలే. పెద్ద ఉత్తరం రాస్తున్నవాడు కూడా సర్వరు కళ్లకి లేనివాడే.

2001లో సర్వ్‌లెట్ 2.3తో సెషను లిజనర్లు వచ్చాయి. సెషను చచ్చిందని మన ప్రోగ్రాముకి తెలుస్తుంది, బానే ఉంది. కానీ బ్రౌజరు అడగందే సర్వరు నోరు విప్పలేదు కదా! కాబట్టి తర్వాతి క్లిక్కు దాకా ఆగాల్సిందే. పాత సంఖ్యతో వచ్చాడు, ఆ సంఖ్య మన దగ్గర లేదు, అయితే గడువు దాటినట్టే, లాగిన్ పేజీకి పంపించెయ్.

2005లో అజాక్స్ అనే పేరు పుట్టి, ఆ పద్ధతి అందరూ వాడడం మొదలెట్టాక ఈ ఉపాయమూ బెడిసికొట్టింది. ఆ దారి మళ్లింపుని బ్రౌజరు గుట్టుగా తనే అనుసరించి, లాగిన్ పేజీని తెచ్చి 200 ఓకే అని జావాస్క్రిప్టు చేతిలో పెడుతుంది. పేజీ మధ్యలో చిన్న డబ్బాలో లాగిన్ ఫారం ప్రత్యక్షం! అలాంటి అభ్యర్థనలకి 401 పంపితే సరిపోయేది. పోనీ సెషను ఉందో లేదో నిమిషానికోసారి అడుగుదామంటే, ఆ అడగడమే సెషనుని బతికిస్తుంది. ఇక గడువు ఎప్పటికీ తీరదు.

2008లో డబ్ల్యూసీఏజీ 2.0 ఒక మార్గం చెప్పింది. గడువు తీరే ముందు హెచ్చరించి, సులువుగా పొడిగించుకోడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వమని. మళ్లీ లాగిన్ అయ్యాక రాసింది పోకుండా కొనసాగేలా చూడమని కూడా అందులోనే ఉంది. అసలైన మాట అదే, కానీ దాన్ని తీసుకెళ్లి ఏఏఏ స్థాయిలో పెట్టారు. ఆ స్థాయి దాకా వెళ్లే సైట్లు బహు తక్కువ.