రహస్య స్థావరాలు – దాచిన చేతులు

ఆమ్‌స్టర్‌డాం నగరంలో ప్రిన్సెన్‌గ్రాక్ట్ కాలవ గట్టున వున్న 263వ నంబరు యిల్లు చూసే అవకాశం నాకు కలిగింది. 1942 జూలై నుండి 1944 ఆగస్టు 4 వరకు ఆన్ ఫ్రాంక్ కుటుంబంతో సహా ఎనిమిదిమంది యూదులు నాజీలకు చిక్కకుండా ఆ యింటి వెనుకభాగంలో దాగివున్నారు. 1960లో దానిని ప్రదర్శనశాలగా తెరిచారు. పుస్తకాల బీరువా చాటున వున్న ద్వారం దాటితే అన్నీ ఖాళీ గదులే. అరెస్టుల తరువాత సామానంతా తరలించుకుపోయారు. ఎనిమిదిమందిలో బతికి బయటపడిన ఒకే ఒక్కడు, ఆన్ తండ్రి ఒట్టో, గదులను అలాగే వుంచమన్నాడు.

పగలంతా కింద గోదాములో పనివాళ్లు వుండేవారు. పైన అడుగుల చప్పుడు వినబడరాదు. ఆ మౌనం లోపలివాళ్లది. తిండి, పుస్తకాలు, వార్తలు మోసుకొచ్చింది మాత్రం మీప్ గీస్, బెప్ వోస్కుయిల్ వంటి ఆఫీసు వుద్యోగులు. రెండేళ్లకు పైగా వాళ్లు పెదవి విప్పలేదు. దాగిన చోటును నిలబెట్టేది గోడలు కావు, బయట తిరిగే మనుషులు.

యిటువంటి యిల్లు తెలంగాణాలో యేదీ అని తార్నాకలో మా యింటికి వచ్చే విద్యార్థులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. 1939లో నిజాం ప్రారంభించిన ఆర్ట్స్ కళాశాల రాతి భవనం క్యాంపస్‌లో చెక్కుచెదరక నిలిచివుంది. ఆ ప్రభువుపై తిరగబడిన రైతుల స్థావరాలు గుడిసెలు, అడవులు, పట్నంలో అద్దె యిళ్లు. (బైరానుపల్లి బురుజు నిలిచివున్నమాట నిజమే గాని, అది పోరాడిన చోటు, దాగిన చోటు కాదు.) ఆనవాలు మిగల్చకపోవడమే డెన్ నడిపేవారి నేర్పు. ఆ నేర్పు ఫలించినచోట మనకు చూపడానికి యేమీ మిగలలేదు.

మిగిలింది మాట. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో పోరాట స్త్రీలే ఆ సంగతులు చెప్పారు. యిరుగుపొరుగుకు అనుమానం రాకుండా గృహిణుల్లా సంసారం నడుపుతూ కార్యకర్తలను కాపాడారు. దళంతో అడవిలో తిరిగిన కమలమ్మ తన పసిబిడ్డను పరాయివాళ్ల చేతుల్లో పెట్టవలసివచ్చింది. బిడ్డ యేడ్పు వినబడితే అందరికీ ముప్పు. యిదంతా ‘స్త్రీల సహాయం’ అనే ఒక్క మాటలో సర్దివేయడం మన అభ్యుదయవాదుల రచనల్లోనూ కనిపిస్తుంది. నా దృష్టిలో అది సహాయం కాదు, పోరాటమే.

1948లో యిరవై యేళ్లున్నవారికి యిప్పుడు తొంభై అయిదు దాటాయి. సెలవులకు జనగామ, సూర్యాపేట వైపు వెళ్లే మా విద్యార్థులకు ఒక చిన్న ప్రశ్నావళి రాసి యిస్తున్నాను. తుపాకి యెవరు పట్టారన్నది అందులో చివర వుంటుంది. ఆ రాత్రి అన్నం యెవరు వండారు, వాకిట్లో యెవరు కూర్చున్నారు అన్నవి మొదట వున్నాయి.