లోడింగులో లారీ, ట్రెయిలరులకు జరిగే నష్టం

సరుకు ఎక్కించే సమయంలో లారీకి గాని, దాని ట్రెయిలరుకు గాని జరిగిన నష్టాన్ని ఎవరు భరించాలన్నది రవాణా రంగంలో తరచుగా తలెత్తే వివాదం. భారతదేశంలో ఈ ఒక్క విషయానికే ప్రత్యేకించిన చట్టం లేదు. భారత ఒప్పందాల చట్టం (1872), నిర్లక్ష్యానికి సంబంధించిన టార్ట్ సూత్రాలు, రోడ్డు ద్వారా సరుకు రవాణా చట్టం (2007), వాహన బీమా షరతులు కలిపి చూచి బాధ్యతను నిర్ణయిస్తారు. స్థూలంగా, ఎవరి నిర్లక్ష్యం వలన నష్టం జరిగిందో వారు, లేదా వారిని పనిలో పెట్టుకొన్న యజమాని పరిహారం చెల్లించవలసి ఉంటుంది.

నష్టం జరిగే తీరు

ప్రకాశం జిల్లా చీమకుర్తి వంటి చోట్ల గ్రానైటు దిమ్మెలను క్రేనుతో ట్రెయిలరుపైకి దించుతారు. దిమ్మె ఒక్కసారిగా జారిపడితే ఛాసిస్ వంగవచ్చు. గోదాములలో ఫోర్కులిఫ్టు బరువుకు అడుగుబల్లలు విరగడం, పక్క పలకలు దెబ్బతినడం, బరువు ఒకే వైపు పడి కమాను పట్టీలు విరగడం ఇతర ఉదాహరణలు. ఒకే లారీపై బ్రతికే యజమానికి మరమ్మత్తు ఖర్చుతో పాటు ఆ రోజుల కిరాయి కూడా పోతుంది. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

ఎక్కించినవారి బాధ్యత

సరుకు పంపేవారి ఉద్యోగులు పనిలో ఉండగా చేసిన నిర్లక్ష్యానికి ఆ సంస్థయే బాధ్యత వహిస్తుంది. దీనిని పరోక్ష బాధ్యత అంటారు. లారీ యజమానే హమాలీలను పెట్టుకొని, వారి పనిని తానే నడిపించినచో నష్టాన్ని సాధారణంగా అతడే భరించాలి. అందువలన హమాలీ కూలి ఎవరు చెల్లించారు, పనిని ఎవరి అదుపులో చేశారు అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు.

క్రేనును డ్రైవరుతో సహా అద్దెకు తెచ్చినపుడు చిక్కు పెరుగుతుంది. ఇంగ్లండులో 1946లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పిన మెర్సీ డాక్స్ కేసు ఇటువంటిదే. క్రేను నడిపే విధానంపై అదుపు అసలు యజమానిదే గనుక, అద్దెకు తీసుకొన్నవారు కాక ఆ యజమానే బాధ్యుడని అందులో తేల్చారు.

ఒప్పందం, అప్పగింత

పక్షాలు ముందుగానే వ్రాతపూర్వకంగా బాధ్యతను పంచుకోవచ్చును. ఒప్పందాల చట్టం 124వ సెక్షను నష్టపూర్తి హామీని గుర్తిస్తుంది. ట్రెయిలరును ఖాళీగా ఫ్యాక్టరీ ఆవరణలో అప్పగించి వెళ్ళే పద్ధతిలో, ఆ ఫ్యాక్టరీ బెయిలీ అయ్యే అవకాశం ఉంది. అట్టివారు మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువుపై చూపేంత జాగ్రత్తను చూపాలని 151వ సెక్షను చెబుతుంది.

రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి 1 నుండి అమలులోకి వచ్చి, 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానాన్ని పొందింది. ఇది ప్రధానంగా సరుకు నష్టం గురించినది. అయితే సరుకు పంపేవారు ఇచ్చే పత్రంలో వివరాలు తప్పుగా ఉండి, దానివలన రవాణాదారుకు నష్టం కలిగితే పంపినవారే పూడ్చాలని 8వ సెక్షనులో ఉంది. బరువును తక్కువగా చూపిన సందర్భాలలో ఇది ఉపయోగపడుతుంది.

లారీవారి తప్పు

హ్యాండుబ్రేకు వేయకపోవడం, చక్రాలకు అడ్డు పెట్టకపోవడం, బల్లలు పుచ్చిపోయాయని తెలిసీ చెప్పకపోవడం లారీవారి నిర్లక్ష్యం క్రిందకు వస్తాయి. అపుడు పరిహారం ఆ మేరకు తగ్గవచ్చు. అధిక బరువుకు డ్రైవరు ఒప్పుకొన్నచో వాదన మరింత బలహీనపడుతుంది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షనుకు 2019లో చేసిన సవరణ ప్రకారం, పరిమితికి మించిన బరువుతో వాహనాన్ని నడిపినా, నడిపించినా 20,000 రూపాయల జరిమానా, ప్రతి అదనపు టన్నుకు మరో 2,000 రూపాయలు విధిస్తారు.

బీమా

సమగ్ర వాణిజ్య వాహన పాలసీలో బయటి వస్తువుల వలన ప్రమాదవశాత్తు జరిగిన నష్టానికి రక్షణ ఉంటుంది. అధిక బరువు వలన, వాహనంపై పడిన ఒత్తిడి వలన కలిగిన నష్టానికి ఉండదు. కిరాయి నష్టం వంటి పర్యవసాన నష్టాలు కూడా మినహాయింపులే. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నచో సొంత వాహనానికి ఏమీ రాదు. బీమా సంస్థ సొమ్ము చెల్లించిన తరువాత, తప్పు చేసినవారి నుండి వసూలు చేసుకొనే హక్కు దానికి సంక్రమిస్తుంది. కాబట్టి బీమా సంస్థకు తెలియకుండా రాజీపత్రంపై సంతకం చేస్తే క్లెయిము దెబ్బతినవచ్చు.

పరిహారం, గడువు

ఒప్పంద భంగం జరిగినపుడు సహజంగా కలిగే నష్టానికే పరిహారం లభిస్తుందని, దూరపు నష్టాలకు లభించదని 73వ సెక్షను తెలుపుతుంది. నష్టాన్ని తగ్గించుకొనేందుకు బాధితుడు ఏమి చేయగలిగేవాడో కూడా లెక్కలోకి తీసుకొంటారు. మరమ్మత్తును అకారణంగా జాప్యం చేస్తే ఆ రోజుల కిరాయి రాకపోవచ్చు. దావా వేయడానికి సాధారణ గడువు మూడు సంవత్సరాలు.

ఐరోపాలో

ఐరోపా దేశాల మధ్య రోడ్డు రవాణాకు వర్తించే 1956 నాటి సి.ఎం.ఆర్. ఒప్పందంలో దీనిపై స్పష్టమైన నియమం ఉంది. సరుకు ప్యాకింగు లోపం వలన రవాణాదారు సామగ్రికి నష్టం కలిగితే పంపినవారే బాధ్యులు. లోపం పైకి కనబడుతున్నా, లేక రవాణాదారుకు తెలిసినా, అతడు అభ్యంతరం నమోదు చేయకుండా సరుకు తీసుకొన్నచో ఈ హక్కు ఉండదు.

సాక్ష్యాలు

లోడింగుకు ముందు, తరువాత తీసిన ఫొటోలు, వేబ్రిడ్జి చీటీ, గేటు రిజిస్టరు నమోదు ఇటువంటి వివాదాలలో ముఖ్యమైన ఆధారాలు. లారీ బయలుదేరక ముందే రశీదుపై నష్టాన్ని వ్రాయించి, ఇరుపక్షాల సంతకాలు తీసుకోవడం మేలు. లారీ గేటు దాటిన తరువాత, నష్టం ఆ ఆవరణలోనే జరిగిందని నిరూపించే భారం దాని యజమానిపైనే పడుతుంది.