మబ్బునకు వెండి యంచు

ఆంగ్లేయులు కష్టములో నున్నవారిని ఓదార్చుచు, ప్రతి మబ్బునకును వెండి యంచు కలదందురు. కారుమబ్బు వెనుక వెలుగుండుటచే దాని యంచు తళతళలాడును. కీడులో సైతము కొంత మేలుండునని తాత్పర్యము. ఈ భావన మిల్టను మహాకవి రచించిన ‘కోమస్’ నుండి వచ్చినది. ఆ రూపకము 1634లో లడ్లో కోటలో ప్రదర్శింపబడెను. అది సామెతగా స్థిరపడినది మాత్రము 19వ శతాబ్దమున.

మన “కీడెంచి మేలెంచవలె” ననుదానిని కొందరు దీనికి సాటిగా చెప్పుదురు. మేమంగీకరింపలేము. అది రాబోవు కీడును ముందుగా తలచుకొమ్మనునది. ఇది వచ్చిపడిన కీడును గూర్చినది. పైగా మబ్బు మనకు కీడు కాదు. ఏరువాకనాడు రైతు వెదకునది మబ్బునే గాని దాని యంచును గాదు. వానలతో విసిగిన దేశమునకే ఈ పోలిక తోచును!

అయినను ఈ మాటకు తగిన చరిత్ర మన గోదావరి సీమలోనే కలదు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను శ్మశానము గావించెను. గోదావరి ప్రాంతమును ఆ దశాబ్దమున బాధలు వదలలేదు. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచెను. నిండు గోదావరి ప్రక్కనే పారుచుండగా పొలములు బీటలువారెను. ఈ దురవస్థయే ఆర్థరు కాటను దొర వాదమునకు బలమైనది. 1847లో ధవళేశ్వరము కడ ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసెను. విజ్జేశ్వరము నుండి వచ్చు కాలువ తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరి, అచ్చట బెజవాడ నుండి వచ్చు కృష్ణ కాలువను కలిసికొనును. ఒకప్పుడు ఆ నీటిమీద పడవలు ధాన్యము మోసెను.

ఇది వెండి యంచే. కాని ఎవరికి? కరువున కన్నుమూసినవారికి గాదు, బ్రతికినవారి మనుమలకు. ఓదార్పు పలుకువారు ఈ భేదమును తరచు మరచుచుందురు.

కొల్లేటివారి చిక్కు మరియొకటి. బుడమేరు, తమ్మిలేరు పొంగినచో లంక గ్రామములు నీట చిక్కును. ఆ వరదయే చేపలను, ఒండ్రును తెచ్చును. నీరు సముద్రము చేరుటకు ఉప్పుటేరొక్కటే త్రోవ. సరస్సులో గట్లు వేసి చేపల చెరువులు త్రవ్వినవారు లాభము గాంచిరి, సరస్సు కుంచించుకొనిపోయెను. 1999లో కొల్లేరు అభయారణ్యమయ్యెను. 2002లో రామ్‌సార్ జాబితా కెక్కెను. 2006లో చెరువు గట్లు పెక్కు తెగగొట్టబడెను. నీటికి చోటు దొరకినది, పక్షులకు మేలైనది. అయితే ఆ చెరువులపైననే కూడు సంపాదించుకొనుచున్న చిన్నవారు గూడ అందులో నష్టపడిరి. వారి యెదుట ఈ సామెతను పలుకుటకు మాకు నోరు రాదు.