లక్కపిడతల తుపాకులు

పిల్లకు వంట నేర్పడానికి రెండు పద్ధతులు. లక్కపిడతలిచ్చి గుజ్జనగూళ్లు వండించడం ఒకటి. ఇంట్లో ఉన్న గుండిగనే పొయ్యి మీద పెట్టి, అందులో గుప్పెడు బియ్యం పోసి "కానీ" అనడం రెండోది. ఇదే తగాదా తుపాకుల లోకంలోనూ ఉందంటే నమ్ముతారా?

అసలు తూటాతో సాధన అంటే మాటలా! ఖర్చు సరే, వందల గజాల ఖాళీ నేలా, దాని వెనక గుండును మింగే మట్టికట్టా కావాలి. అంచేత ఇంగ్లండులో మోరిస్ అనే ఆయన 1880లలో పెద్ద తుపాకీ గొట్టంలోకి సన్నగొట్టం దూర్చే ఉపాయం తెచ్చాడు. తుపాకీ సిపాయిదే, బరువూ అదే, మీట నొక్కే తీరూ అదే. పేలేది మాత్రం చిట్టి తూటా.

1899లో బోయర్ యుద్ధం వచ్చిపడింది. సేద్యం చేసుకునే బోయర్లు దూరం నుంచే గురి తప్పకుండా కొడుతుంటే, కవాతులో ఆరితేరిన ఇంగ్లీషు సిపాయిలు తెల్లబోయారు. మన కాన్పూరులో పుట్టిన లార్డ్ రాబర్ట్స్ కొడుకు ఆ డిసెంబరులోనే కొలెన్సో దగ్గర గాయపడి పోయాడు. పుత్రశోకం దిగమింగి యుద్ధం నడిపిన ఆ ముసలాయన, తర్వాత సామాన్యులకు గురి నేర్పాలని ఊరూరా చెప్పుకొచ్చాడు. పనివాళ్ల రైఫిల్ క్లబ్బుల సంఘం 1901లో వెలిసింది. పగలంతా మిల్లులో నలిగేవాడికి మైదానమెక్కడిది? పాయింట్ టూటూ బుల్లి రైఫిలైతే పాతిక గజాల షెడ్డు చాలు.

"బొమ్మతో నేర్చిన చెయ్యి యుద్ధంలో పనికొస్తుందా?" అన్నారు సైన్యంలో కొందరు. సబబైన ప్రశ్నే. కానీ గుండిగ మొయ్యలేక వంటే మానేసిన పిల్లకన్నా లక్కపిడతల పిల్ల నయం కాదూ? సిపాయికి గుండిగ, కూలివాడికి పిడత అని నేనైతే తీర్పు చెబుతాను.

మార్పిడిలోనూ ఓ చిక్కుంది. పాయింట్ టూటూ తూటాలో నిప్పంటుకునే మందు అడుగున అంచు చుట్టూ ఉంటుంది. పెద్ద రైఫిల్ సూదేమో నడిమధ్య పొడుస్తుంది. గొట్టం ఒక్కటీ మారిస్తే చాలదు, బోల్టు తల కూడా మార్చాలి. అయినా మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక గొట్టాలరిగిన పాత లీ ఎన్‌ఫీల్డులు గుట్టలుగా మిగిలాయి. పారెయ్యడానికి ఏ సంసారికి మనసొప్పుతుంది? అలా తయారైందే నంబర్ టూ మార్క్ ఫోర్.

రెండో యుద్ధం తర్వాత కూడా వాళ్లలో వాళ్లకే కుదర్లేదు. విమానదళం పెద్ద రైఫిల్ మార్పిడినే కోరింది. సైన్యం నంబర్ ఎయిట్ అని సాధనకే వేరే రైఫిల్ చేయించుకుంది. నౌకాదళం మళ్లీ మార్పిడికే ఓటేసింది. ఒక్క ఇంట్లో మూడు పొయ్యిలు!

మనకు 1948లో ఎన్.సి.సి., మరుసటేడు అందులో ఆడపిల్లల విభాగమూ వచ్చాయి. ఆ మార్క్ ఫోర్ రైఫిళ్లు దశాబ్దాలపాటు మన కాలేజీ పిల్లల చేతుల్లో మెలిగాయి. దాదాపు 4 కిలోల బరువు. నేల మీద బోర్లా పడుకుని పాతిక గజాల్లోని టార్గెట్‌ను కొట్టాలి. తూటా ఒక్కొక్కటే చేత్తో పెట్టుకోవాలి. కిందున్న మ్యాగజైను డబ్బా ఉత్తదే, ఖాళీ తూటాలు రాలిపడడానికి. వాటిని ఖోకాలంటారు. ఫైరింగ్ అయ్యాక అవన్నీ ఏరి, లెక్కపెట్టి, హవల్దారుగారికి అప్పజెప్పాలి.