రెండు దోమలు, ఒక పోస్టర్: ఆఖరి లైనులో ఏం రాయాలి?

అంబాజీపేట అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది కొబ్బరి మార్కెట్. కానీ ఇవాళ్టి ఎపిసోడ్ కొబ్బరి గురించి కాదు. కోనసీమని చాలాకాలం పీడించిన బోదకాలు గురించి, అంటే ఫైలేరియా గురించి. ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి డీఈసీ మాత్రలు మింగించి వెళ్ళే ఆరోగ్య కార్యకర్తల్ని మీలో చాలామంది చూసే ఉంటారు.

ఒక ఉదాహరణ అనుకుందాం. అమలాపురంలో పీజీ చేస్తున్న ఒక డాక్టరమ్మ అంబాజీపేట మండలంలో రెండు ఊళ్ళు తిరిగి ఫైలేరియా సర్వే చేసింది. ఇప్పుడు మెడికల్ కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపాలి. 250 పదాల్లో నాలుగు ముక్కలు: నేపథ్యం, పద్ధతి, ఫలితాలు, ముగింపు. సెలెక్ట్ అయితే పోస్టర్ వేయాలి. మొదటి మూడూ ఎలాగోలా రాసేస్తారు. కాలు జారేది నాలుగో దాంట్లోనే. ఎందుకో తెలియాలంటే ఇదే జబ్బు చరిత్ర చూడాలి.

1877. చైనాలోని అమోయ్ రేవు, ఇప్పటి పేరు షియామెన్. అక్కడ పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు. ఆయన తోటమాలి హిన్ లో రక్తంలో ఫైలేరియా పురుగులున్నాయి. మాన్సన్ అతన్ని దోమలతో కుట్టించి, ఆ దోమల్ని కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. దోమ ఒంట్లో పురుగులు పెరుగుతున్నాయి! చాలా పెద్ద విషయం. 1878లో ఆ పేపర్ లండన్‌లోని లినియన్ సొసైటీకి చేరింది. ఆయన చైనాలోనే ఉన్నాడు కాబట్టి స్పెన్సర్ కాబోల్డ్ దాన్ని సభ ముందు పెట్టాడు.

ఇక్కడిదాకా మాన్సన్ కళ్ళతో చూసింది. మరి దోమలోంచి పురుగు ఇంకో మనిషికి ఎలా వెళ్తుంది? అది చూడలేదు. ఊహించాడు. దోమ నీళ్ళ మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, పురుగు నీళ్ళలోకి వస్తుంది, ఆ నీళ్ళు మనిషి తాగుతాడు అనుకున్నాడు.

ఆ ఊహ మన దగ్గరిదాకా వచ్చింది. 1894లో మాన్సన్‌ని కలిసిన రొనాల్డ్ రాస్, 1895లో సికింద్రాబాద్‌లో మలేరియా మీద పని మొదలుపెట్టాడు. దోమలు చచ్చిన నీళ్ళని లచ్‌మన్ అనే మనిషి చేత తాగించాడు. అతనికి కాస్త జ్వరం వచ్చింది. హమ్మయ్య, దొరికిందనుకున్నారు. తర్వాత మరికొందరి మీద చేస్తే ఆ ఫలితం నిలబడలేదు. ఎవరో చూడకుండా అనుకున్న మాట పట్టుకుని, ఇక్కడ ఒక మనిషి దోమల నీళ్ళు తాగాల్సి వచ్చిందన్నమాట.

రెండేళ్ళ తర్వాత అదే సికింద్రాబాద్. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకాటుకి ఒక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నాడు. 1897 ఆగస్టు 20న రాస్‌కి దోమ పొట్ట గోడలో మలేరియా రంగు ఉన్న కణాలు కనబడ్డాయి. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశాడు. దానికి ఏం టైటిల్ పెట్టాడో తెలుసా? తెలుగులో చెప్తే, మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని వింత రంగు కణాల గురించి. అంతే! మలేరియా గుట్టు రట్టు అని రాయలేదు. రెండు దోమలు చూశాడు, రెండు దోమలనే రాశాడు.

1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి చివరికి దోమ లాలాజల గ్రంథిలోకి చేరుతుందని తేల్చాడు. అంటే దారి నీళ్ళు కాదు, కాటు. ఆ జులైలో ఎడిన్‌బరోలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సభ. రాస్ ఇండియాలోనే ఉన్నాడు. అక్కడ ఆ సంగతి అందరికీ చెప్పింది మాన్సనే. ఫైలేరియాకీ దారి కాటేనని 1900లో జార్జ్ లో తేల్చాడు. ఆయన ఆస్ట్రేలియా నుంచి వచ్చిన దోమల్లో, కుట్టే తొండం దగ్గరే పురుగుల్ని చూశాడు. 1878 నుంచి 1900 దాకా, 22 ఏళ్ళు.

మరి మందు? మన వశిష్ఠ దాటితే అవతల భీమవరం. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపించారు. 1947లో అక్కడినుంచే హెట్రజాన్ వచ్చింది. మనకి మింగించే డీఈసీ అదే.

పోస్టర్ మాత్రం ఈమధ్య పుట్టిందే. 1969లో మాడ్రిడ్‌లో యూరప్ బయోకెమిస్టుల సభలో పెట్టారు, తర్వాత అంతటా పాకింది. నాలుగు ముక్కల అబ్‌స్ట్రాక్ట్ లాంటి పద్ధతి మెడికల్ జర్నల్స్‌లో 1987 నుంచి ఊపందుకుంది. చూసిందీ అనుకున్నదీ కలిసిపోకుండా వేరువేరు గదుల్లో పెట్టడానికి అది బాగా పనికొస్తుంది.

ఇప్పుడు మన డాక్టరమ్మ దగ్గరికి వద్దాం. రక్తం ఎప్పుడు తీసింది? ఇక్కడి ఫైలేరియా పిల్ల పురుగులు రాత్రిపూటే ఒంటిపై రక్తనాళాల్లోకి వస్తాయి. పగలు తీస్తే సున్నా రావచ్చు, ఆ సున్నాకి అర్థం లేదు. కాబట్టి పద్ధతిలో టైము రాయాల్సిందే. ముగింపులో 'కోనసీమలో బోదకాలు పోయింది' అని రాస్తే? చూసింది రెండు ఊళ్ళు! ఆ లైను నమ్మి ఎవరైనా మాత్రలు ఆపేస్తే, మిగిలిపోయిన పురుగుల్ని దోమలు మళ్ళీ మోస్తాయి. అందుకే ఈ రెండు ఊళ్ళలో, ఈ నెలలో, రాత్రి పరీక్షించిన ఇంతమందిలో ఇంతమందికి కనబడింది అని రాయాలి. పోస్టర్లో పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది కూడా ఆ లైనే. పేరాలు తగ్గించి, దూరంనుంచి కనబడే ఒక గ్రాఫ్ పెడితే చాలు.

ఇంకో మాట. హిన్ లో, లచ్‌మన్, హుసేన్ ఖాన్ పేర్లు చరిత్రకెక్కాయి, కానీ వాళ్ళ ఇష్టం ఎంతవరకు అడిగారో మనకి ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సంతకం ఉండాలి. పోస్టర్లో పేరూ ముఖమూ కనపడకూడదు. చిన్న ఊళ్ళో వాచిన కాలు ఫొటో చూసి కూడా ఫలానా వాళ్ళని గుర్తుపట్టేస్తారండి, ఆ ఫొటో లేకపోయినా గ్రాఫ్ పనిచేస్తుంది.

మీ ఇంట్లోనో ఫ్రెండ్స్‌లోనో ఎవరైనా ఇలాంటి పోస్టర్ చేస్తుంటే, టైటిల్లో ఆ రెండు దోమల సంగతి చెప్పండి. ఉంటానండి, వచ్చేవారం కలుద్దాం.